ఫొటోలో గచ్చు మెరుస్తాది, స్లాబు మాటేటి?

మా రోలుగుంటలో ఇల్లు కట్టుకుంటన్న కుర్రోడొకడు మొన్న ఫోను పట్టుకొచ్చాడు. "అన్నా, హాలుకి టైల్స్ బాగుంటాయా, ఎర్ర గచ్చు బాగుంటాదా?" అన్నాడు. "అది తర్వాత చూద్దాం గాని, స్లాబు వేసిన రోజు మిల్లర్లో సిమెంటు సంచికి ఎన్ని నీళ్ళు పోశారో చూశావేటి?" అన్నాను. చూడలేదట. ఆడొక్కడే కాదు, ఎవులూ చూడరు.

ముందు డబ్బు లెక్క చూద్దాం. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ 2016లో మొదలైనప్పుడు మైదాన ప్రాంతంలో ఇంటికి లక్షా 20 వేలు. 2024లో ఇంకో 2 కోట్ల ఇళ్ళకి కేంద్ర కేబినెట్ ఒప్పుకున్నప్పుడూ అదే లక్షా 20 వేలు. మధ్యలో మనకి జిల్లాయే మారిపోయింది, 2022లో విశాఖ నుంచి అనకాపల్లికి వచ్చేశాం. ఆ అంకె మాత్రం కదల్లేదు. సగంలో ఆగిన ఇళ్ళకి 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం ఎస్సీ, బీసీలకి 50 వేలు, ఎస్టీలకి 75 వేలు అదనంగా ప్రకటించింది. ఇచ్చింది చాలట్లేదని సర్కారే ఒప్పుకున్నట్టు కాదేటి?

ఆ డబ్బయినా ఒక్కసారి రాదు. పునాదికింత, స్లాబుకింత. పని అయిందనడానికి ఫొటో తీసి ఎక్కిస్తారు. ఫొటోలో స్లాబు కనబడతాది గాని, అందులో సిమెంటెంతో, నీళ్ళెంతో కనబడవు. బిల్లు కోసం మనకి తొందర, ఇంకో పనికి పోవాలని మేస్త్రీకి తొందర.

ఇంటి స్లాబుకి కనీసం ఎం20 కాంక్రీటు ఉండాలి. ఒక పాలు సిమెంటు, పాలున్నర ఇసుక, మూడు పాళ్ళు పిక్క. 50 కిలోల సంచికి నీళ్ళు 27 లీటర్లు దాటకూడదు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. నీళ్ళెక్కువైతే మాలు సులువుగా జారతాది, కూలోళ్ళకి సుఖం. కానీ ఆ నీరు ఆరిపోయాక లోపల సన్నని బెజ్జాలు మిగుల్తాయి. వాటిలోంచి వానచెమ్మ ఇనుముకి చేరతాది. ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతాది, పెచ్చులూడతాయి. 2014లో హుద్‌హుద్ వచ్చి రేకులెగిరిపోయాకనే కదా స్లాబిల్లు కావాలనుకున్నాం? ఆ స్లాబే నెత్తిమీద రాలితే ఏటి చేస్తాం?

25 చదరపు మీటర్ల ఇంటికి నాలుగంగుళాల స్లాబంటే సుమారు 20 సంచుల సిమెంటు. ఇక్కడ రెండు సంచులు మిగిల్చి టైల్స్ కొంటే ఏటి లాభం? టైల్స్ అయిదేళ్ళ తర్వాతయినా వేసుకోవచ్చు. స్లాబు మళ్ళీ వెయ్యలేం.

డబ్బు తక్కువైతే గచ్చే మేలు. గదుల్లో ఇనప తాపీతో నున్నగా రుద్దిస్తే చాలు. పైకి నీరు తేలినప్పుడు పొడి సిమెంటు జల్లి రుద్దనివ్వొద్దు, తర్వాత పొడిపొడిగా లేచిపోతాది. అరుగు మీద, స్నానాల గదిలో నున్నదనం వద్దు. పచ్చిగా ఉన్నప్పుడే చీపురుతో గీతలు లాగిస్తే మన నాయనమ్మలు జారిపడరు. ఇక స్లాబు మీద మట్టితో మడులు కట్టి కనీసం పది రోజులు, ఎండాకాలం రెండు వారాలు నీరు నిలపాలి. దీనికి ఖర్చు లేదు, ఓపిక కావాలంతే.

అలాగని తప్పంతా మనదీ, మేస్త్రీదీ కాదు. సర్కారు పెద్ద భవనం కడితే కాంక్రీటు దిమ్మలు తీసి, 28 రోజులకి బలమెంతో పరీక్ష చేయిస్తాది. పేదోడి ఇంటికి ఫొటో చాలా? గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్ ఉన్నారు. స్లాబు రోజు దగ్గరుండమని ముందే కాగితం రాసివ్వండి, రసీదు తీసుకోండి. మండలానికి కొన్ని ఇళ్ళకయినా దిమ్మల పరీక్ష చేయించమని గ్రామసభలో లేచి అడగండి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఫోన్లో ఇంటి ఫొటోలు పెట్టండి, ఎవరొద్దన్నారు? కానీ స్లాబు రోజు ఆ ఫోను జేబులో పెట్టి, లీటర్ల గుర్తులున్న బకెట్టు పట్టుకుని మిల్లర్ పక్కన నిలబడండి.