తమవాళ్లను నిలదీసిన పాట

1989 జనవరిలో న్యూయార్క్ ర్యాప్ గాయకులు డజను మందికి పైగా కలిసి ఒక పాట విడుదల చేశారు. పేరు 'సెల్ఫ్ డిస్ట్రక్షన్'. కె.ఆర్.ఎస్. వన్ పిలుపుతో పబ్లిక్ ఎనిమీ, స్టెట్సాసోనిక్, కూల్ మో డీ, హెవీ డీ, ఎం.సి. లైట్, మిస్ మెలడీ వంటి పేరుమోసిన వాళ్లు 'స్టాప్ ద వయొలెన్స్ మూవ్‌మెంట్' పేరిట ఒక్కటయ్యారు. ఆ కూటమి తొలి పాట ఇది. కరువు రాయలసీమలో ఉన్న మనం ఈ పాటను తలుచుకోవడానికి గట్టి కారణమే ఉంది.

1987 ఆగస్టులో కె.ఆర్.ఎస్. వన్ సహచరుడు, డీజే స్కాట్ లా రాక్, బ్రాంక్స్‌లో ఒక తగాదా రాజీ చేయబోయి తుపాకీ కాల్పులకు బలయ్యాడు. ఆ తగాదా వాళ్ల బృందంలోని కుర్రవాడు డీ-నైస్‌ది. మరుసటి ఏడాది ఒక ర్యాప్ కచేరీలో ప్రేక్షకుడొకడు హత్యకు గురయ్యాడు. ఈ సంగీతమే హింసకు మూలమని పత్రికలు నింద వేశాయి. గాయకులు ఆ నిందను ఖండించి ఊరుకోలేదు. తమ పిల్లలు తమ పిల్లలనే చంపుకుంటున్నారని తమ పేటల వైపు తిరిగి చెప్పారు. పాటకు సంగీతం సమకూర్చిన వారిలో ఆ డీ-నైస్ ముఖ్యుడు. రాబడిని నల్లజాతి ప్రజల కోసం పనిచేసే నేషనల్ అర్బన్ లీగ్‌కు ఇచ్చారు. ఆ మార్చిలో బిల్‌బోర్డ్ పత్రిక ర్యాప్ పాటలకు వేరే పట్టిక మొదలుపెడితే, అందులో మొదటి స్థానం ఈ పాటదే.

ర్యాప్‌లో ఎవరికి వారు తమ గొప్ప చాటుకోవడం రివాజు. ఈ పాటలో ఒక్కొక్కరు నాలుగు మాటలు చెప్పి పక్కవారికి వంతు ఇచ్చారు. మన చెక్కభజనలో వరస తప్పకుండా అడుగు కలిపినట్టు కలిశారు.

హింసకు మూలమనే అలాంటి నింద సీమకూ ఉంది. వేటకొడవలి, నాటుబాంబు, గాల్లోకి లేచే సుమో: సినిమా మన ముఖానికి పులిమిన రంగు ఇది. ఆ రంగు అబద్ధమని మనం కోప్పడతాం, న్యాయమే. కానీ ముఠా కక్షలు అబద్ధం కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే అనంతపురం జిల్లాలో శెనక్కాయ విత్తే అదునులో కోర్టు వాయిదాకు బస్సెక్కిన రైతు ఏమి పండిస్తాడు? చచ్చినవాడి చేనూ, జైలుకెళ్లినవాడి చేనూ ఒక్కతీరునే బీడు పడతాయి. ఆ రెండిళ్ల ఆడవాళ్లే కూలికి పోతారు. సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి వంటివారు సీమ వెతలను కథల్లోకి తెచ్చారు. కథ చదవని కుర్రవాడి చెవికి మాత్రం తొడగొట్టే డైలాగే ముందు చేరుతోంది.

పాట కత్తిని ఆపుతుందా? 1996లో టూపాక్, 1997లో నోటోరియస్ బి.ఐ.జి. అనే ర్యాప్ గాయకులు కాల్పుల్లోనే పోయారు. ఆపలేదన్నది నిజం. అయితే కత్తికి దక్కే మర్యాదను పాట తీసేయగలదు. అదీ బయటివాడు చెబితే తిట్టవుతుంది, మనవాడు చెబితే బుద్ధవుతుంది.

అందుకే మా విన్నపం. ఫోన్‌లో ర్యాప్ కట్టే కుర్రాళ్లు, చెక్కభజన గురువులు, ఉరుముల కళాకారులు ఒక్క పాటకు కూడండి. మగవాళ్లను పోగొట్టుకున్న ఇళ్ల ఆడవాళ్లకు అందులో మొదటి వంతు ఇవ్వండి. సీమ యాసలోనే కట్టండి. ఆ పాటను అచ్చువేయడానికి ఈ పత్రిక పుటలు సిద్ధంగా ఉన్నాయి.