చేతిరాత వేషం

శుభలేఖలు, సినిమా పోస్టర్లు, పచ్చడి సీసాల లేబుళ్ళు, ఈ మధ్య కథాసంపుటాల అట్టలు... ఎక్కడ చూసినా చేతిరాత ఫాంట్లే. అచ్చక్షరానికి లేని చనువు వాటికి ఉంటుందని కాబోలు. ఉంటుంది కూడా. కాకపోతే ఆ చనువు కొన్నిచోట్ల అతికినట్టుండదు.

‘అమ్మమ్మ’ అని పెన్నుతో రాసి చూడండి. మొదటి మ్మ దగ్గర చెయ్యి ఇంకా కుదురుకుంటూ ఉంటుంది. రెండోదానికొచ్చేసరికి మాట అయిపోతోందని దానికి తెలుసు. కింది వత్తు కాస్త సాగుతుంది, తలకట్టు ఎగురుతుంది. అదే మాట ఫాంటులో కొడితే రెండు మ్మలూ కవలల్లా దిగుతాయి. మామూలు అచ్చులో మనకిది పట్టనే పట్టదు. చేతిరాతనని చెప్పుకునే అక్షరంలోనే ఎబ్బెట్టుగా ఉంటుంది.

సీసపు అచ్చుల కాలంలోనే ఇలాంటి చిక్కుతో కుస్తీ పట్టినవాడు రోజే ఎక్స్‌కొఫాన్. 1953లో మార్సేలోని ఫోండరీ ఒలీవ్ అనే అచ్చక్షరాల కంపెనీ కోసం తన దస్తూరీ ఆధారంగా ‘మిస్ట్రాల్’ అనే టైపు తయారు చేశాడు. అది దక్షిణ ఫ్రాన్సులో వీచే చలిగాలి పేరు. ఒక్కో అక్షరం విడి సీసపు ముక్క. అయినా దేని పక్కన ఏది పడినా గీత తెగదు. ఒకటి ఏ ఎత్తులో ముగుస్తుందో రెండోది అక్కడే అందుకుంటుంది. 2011లో వచ్చిన ‘డ్రైవ్’ సినిమా టైటిళ్ళలో గులాబీ రంగులో మెరిసింది అదే.

మనకు కలిపిరాత బాధ లేదు. మన బాధంతా అంతస్తులతో. ‘రాష్ట్రం’లో ష కింద టవత్తూ క్రావడీ ఇమడాలి. చాలా ఫాంట్లలో పై అక్షరం హుషారుగా ఊగుతుంటే కింది వత్తు పరేడ్‌లో నిలబడ్డట్టు నిటారుగా ఉంటుంది. ఇక ఆ కవలల చిక్కుకు విరుగుడుగా, ఒకే అక్షరానికి రెండు మూడు రూపాలు పెట్టి, వెంటవెంటనే వచ్చినప్పుడు మార్చుకునే ఏర్పాటు ఓపెన్‌టైప్ అనే ఫాంటు పద్ధతిలో ఉంది. ఇంగ్లీషుకు చిన్నవీ పెద్దవీ కలిపి 52 అక్షరాలు. గుణింతాలతో, వత్తులతో మనవి వందల్లోకి పోతాయి. అన్నిటినీ రెండేసిసార్లు గీసేవాడికి కూలి ఎవరివ్వాలి? ఉచితంగా దొరికితే తప్ప ఫాంటు ముట్టని జాతి మనది.

బాపు రాత కూడా ఫాంటై దొరుకుతోంది. అందంగానే ఉంటుంది. కానీ ఆయన కథ పేరును బొమ్మలో భాగంగా, ఆ కథ మనసెరిగి రాసేవారు. ఫాంటుకు ఆ ఎరుక ఉండదు. అందుకే పెళ్ళికార్డు మీద నవ్విన అక్షరమే పెద్దకర్మ కార్డు మీదా నవ్వుతోంది.

కథల పేర్లు ఇలాంటి ఫాంటులో వేద్దామని మా డిజైన్ విభాగం కుర్రాళ్ళు అడిగారు. పేజీ పైన పెద్దగా, ఒక్క వరసలో అయితే సరేనన్నాం. లోపలి మేటరుకు మాత్రం ఒప్పుకోలేదు. 12 పాయింట్ల దగ్గర వత్తులు ముద్దయిపోయి, తవత్తో నవత్తో తేలక ప్రూఫు దిద్దేవారు మాటిమాటికీ రాతప్రతి తెప్పించుకోవాల్సి వస్తుంది.