నలభై అయిదు సెకన్ల లెక్క

కొండగట్టు కింది ఊర్లల్ల డిగ్రీ అయిపోయిన పిల్లలను ఎంబీఏ సంగతి అడిగితే ఒకటే మాట: ‘పట్నం పోయి కోచింగ్ తీసుకోకపోతే ఐసెట్‌ల ర్యాంకు రాదంట గదా!’ ఈ భయం మనకెవరు నేర్పిన్రు?

పరీక్షను చూద్దాం. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. అంటే ప్రశ్నకు 45 సెకన్లు. విశ్లేషణకు 75, గణితానికి 75, కమ్యూనికేషన్‌కు 50 ప్రశ్నలు. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. శాతాలు, నిష్పత్తులు, లాభనష్టాలు, కాలం-పని బడిల చదివినవే. మనకు తక్కువైంది తెలివి గాదు, యాళ్ల లెక్క.

అందుకే మన పట్టిక మనమే గీసుకుందాం. మొదటి నెల గణితం, రెండో నెల విశ్లేషణ, ఇంగ్లిష్ రోజూ ఒక గంట. మూడో నెల గడియారం ముందట పెట్టుకొని వారానికి రెండు పాత పేపర్లు. చేసిన తప్పులకు వేరే నోటుబుక్కు. నౌకరీ చేసేటోళ్లకు రోజుకు రెండు గంటలే దొరికితే మూడు నెలలను ఆరు చేసుకోవాలె. పరీక్షల ఒక్క ప్రశ్నను కూడా ఖాళీగా వదలొద్దు.

2007ల ఈ గుట్ట పక్కన నాచుపల్లికి జేఎన్‌టీయూ కాలేజీ వచ్చింది. 2014ల రాష్ట్రం వచ్చింది. పట్నం పోతేనే చదువు అనే భయం మాత్రం పోలేదు. అంజన్నకు మొక్కుదాం. కానీ పొద్దుగాల లేచి పుస్తకం తెరవాల్సింది మనమే. మన ఏలుబడి కోరినోళ్లం, మన గంటలను మనమే ఏలుకోవాలె.