పెట్టెలో పెట్టె, అందులో మరో పెట్టె

మా ఇంట్లో చింతపండు ఎక్కడుందో అడిగితే ఇంటిల్లిపాదీ చెప్పగలరు. కంప్యూటరులో నా వ్యాసం ఎక్కడుందో చెప్పడానికి మాత్రం ఆ భగవంతుడే దిగిరావాలి. తప్పు నా మతిమరుపుది కాదనీ, ఆ యంత్రంలోని అమరికదనీ నా వాదం. కాస్త చిత్తగించండి.

కంప్యూటరు మాటలు చూడండి: ఫైలు, ఫోల్డరు, డెస్క్‌టాప్. అన్నీ గుమాస్తాగారి గదిలో సామాన్లే! సంచిలో సంచి పెట్టుకుంటూ పోయే పద్ధతిని 1965లో మల్టిక్స్ అనే వ్యవస్థ కోసం వ్రాసిన పత్రంలో వివరించారు. 1981లో జెరాక్స్ కంపెనీ ‘స్టార్’ అనే యంత్రం అమ్మకానికి పెడుతూ, ఆ సంచులకు బొమ్మలు గీసి తెరమీద నిలిపింది. అప్పటినుంచీ మనమంతా ఆ బల్ల ముందే కూర్చున్నాం.

ఈ బల్లకొక నియమం ఉంది. మామూలుగా ఒక కాగితానికి ఒకటే సంచి. నన్నయ తిక్కనల శైలీభేదాన్ని గురించి నేనొక వ్యాసం వ్రాసుకున్నాననుకోండి. దాన్ని నన్నయ సంచిలో వెయ్యాలా, తిక్కన సంచిలోనా, లేక ‘రెండో సంవత్సరం పాఠాలు’ సంచిలోనా? అన్నింటిలోనూ తలా ఒక నకలు వేస్తే, ఒకదాన్ని దిద్దినప్పుడు తక్కినవి దిద్దుకోవు. నెల తిరిగేసరికి ఇంట్లో ముగ్గురు తిక్కనలు, ఒకరితో ఒకరికి పొసగదు.

మనిషి జ్ఞాపకానికి సంచులు లేవు. పోయిన మా అమ్మ గొంతు నా దగ్గర ఒక్క లాలిపాటలోనే ఉంది. మా చెల్లెలి కూతురి బారసాలనాడు పాడింది. బయట వాన, వంటింట్లో బొబ్బట్ల వాసన. ఇన్ని గుర్తున్నాయి. ఫోను మాత్రం దానికి పేరుకు బదులు ఒక అంకె తగిలించింది. కంప్యూటరు అడిగేది రెండే ప్రశ్నలు: పేరేమిటి? ఎక్కడ పెట్టావు? వాన సంగతి దానికి అక్కర్లేదు. ఆ పాట కోసం మూడు రాత్రులు వరసగా అన్నీ వినుకుంటూ పోయాను.

ఈ బాధ తెలిసిన పెద్దలు లేకపోలేదు. 1945 జూలైలో ‘అట్లాంటిక్ మంత్లీ’ పత్రికలో వానెవార్ బుష్ ‘మెమెక్స్’ అనే బల్లను ఊహించాడు. ఒక విషయంనుంచి మరొకదానికి, మన ఆలోచన నడిచినట్టే, మనమే దారులు వేసుకోవచ్చునన్నాడు. ఆ బల్లను ఎవరూ తయారుచెయ్యలేదు. 1990ల్లో యేల్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ గెలెర్న్టర్, ఎరిక్ ఫ్రీమన్ కలిసి పేర్లూ సంచులూ అక్కర్లేని ‘లైఫ్‌స్ట్రీమ్స్’ రూపొందించారు. ఉత్తరం, ఫోటో, వ్యాసం అన్నీ వచ్చిన తేదీ వరసలో ఏరులా పారుతుంటాయి. రేపటి పనులు కూడా ఆ ఏటిలోనే, ముందుభాగాన ఉంటాయి. నాకు అదే ముచ్చటగా తోచింది. బారసాల ఏ ఏడో గుర్తుంటే చాలు గదా! 2004లో వచ్చిన జీమెయిల్ సంచులు మాని, ఒకే ఉత్తరానికి ఎన్ని చీటీలైనా అంటించుకోనిచ్చింది. అంతమాత్రం మేలు.

“వెతికితే దొరుకుతుంది, సంచులెందుకు నాన్నా?” అంటాడు మా అబ్బాయి. ఇంగ్లీషులో దొరుకుతుంది నాయనా! తెలుగులో ‘ఇల్లు’ అని వెతికితే ‘ఇంట్లో’, ‘ఇంటికి’, ‘ఇళ్ళు’ తప్పించుకుంటాయి. ‘ఆలయం’ అంటే ‘రామాలయం’ పలకదు. సవర్ణదీర్ఘసంధి జరిగి ‘ఆ’ అనే అక్షరం పోయి దీర్ఘం మిగిలింది. అక్షరానికి అక్షరం పోల్చిచూసే యంత్రానికి సంధి విడదియ్యడం ఎవరు నేర్పారు? దీనికి తోడు పాత అచ్చు ఫాంట్ల గొడవ ఒకటి. యూనికోడులో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, చాలా ఏళ్ళపాటు మనవాళ్ళు ఇంగ్లీషు అక్షరాల సంకేతాలకు తెలుగు ముసుగు తొడిగి పుస్తకాలు కూర్చారు. కంటికి పోతన, యంత్రానికి పిచ్చిగీతలు. అలాంటి ఫైళ్ళలో ఎంత సాహిత్యం మూగగా పడి ఉందో తలుచుకుంటే గుండె చివుక్కుమంటుంది. కొత్త కథల సంపుటం పోతే మళ్ళీ అచ్చు వేసుకోవచ్చు. ఏ పల్లెలోనో ముసలమ్మ చెప్పగా ఒకే ఒకరు కూర్చిపెట్టుకున్న పాటలు పోతే?

ఇప్పుడు మాటను కాక అర్థాన్ని పట్టుకుని వెతికే యంత్రాలు వచ్చాయి. సంతోషమే. అయితే వెతికిపెట్టాలంటే ఇల్లంతా చూడాలి గదా! 2024లో మైక్రోసాఫ్టు ‘రీకాల్’ అనే ఏర్పాటు ప్రకటించింది. అది మన తెరను మాటిమాటికీ ఫోటో తీసి దాచిపెడుతుంది. జనం గగ్గోలు పెట్టాక వాయిదా వేసి, 2025లో, ఒప్పుకున్నవారికి మాత్రమే పనిచేసేలా విడుదల చేశారు. నేనైతే ఇంకా ఒప్పుకోలేదు.

ప్రస్తుతానికి మా పిల్లలకు చెబుతున్నది ఇదీ: ఏది దాచినా ముందు తేదీ వెయ్యండి, తరువాత మనుషుల పేర్లు, ఊరు, సందర్భం, అన్నీ యూనికోడు తెలుగులోనే. ‘ఇల్లు’ అని వ్రాస్తే పక్కనే ‘ఇంటి’ అని కూడా వ్రాయండి. వాన పడితే వాన పడిందని వ్రాయండి. క్లాసులో నవ్వారు. ఇద్దరు మాత్రం నోటు పుస్తకంలో వ్రాసుకున్నారు.