తాయెత్తు ఖాతాలో పడే మెరుగు

నాలుగు నెలలు నిండినా బిడ్డకు మెడ నిలవకపోతే మన ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి: దిష్టి తగిలింది, లేదా వాళ్ల మేనమామకూ అన్నీ ఆలస్యమే. మొదటి మాట తాయెత్తు కట్టిస్తుంది, రెండోది ఏమీ చేయనివ్వదు. ఈలోగా, మెదడుకు జరిగిన నష్టం వల్ల కదలికలు దెబ్బతినే సెరెబ్రల్ పాల్సీ లక్షణాలు కళ్లెదుటే ఉండొచ్చు: ఎప్పుడూ బిగిసి ఉండే పిడికిళ్లు, ఎత్తుకుంటే కత్తెరలా మెలిపడే కాళ్లు, కొయ్యబారిన ఒళ్లు లేదా పట్టు లేకుండా వేలాడే ఒళ్లు, పాలు తాగుతుంటే పొలమారడం. ఏడాదిలోపే ఒక్క చేతినే వాడటం మరో గుర్తు. అది కుడిచేయైతే మురిసిపోతారు, ఎడమచేయైతే విసుక్కుంటారు. చేతివాటం అంత త్వరగా స్థిరపడదు కనుక, చూడాల్సింది వాడని చేతిని.

మరి తాయెత్తు పనిచేసిందని అంతమంది ఎలా చెబుతారు? వాళ్లు అబద్ధమాడటం లేదు. మెదడుకు జరిగిన ఆ నష్టం పెరిగేది కాదు. బిడ్డ మాత్రం ఎదుగుతూ మెల్లగా ఏదో ఒకటి నేర్చుకుంటూనే ఉంటుంది. కొందరికైతే తొలి నెలల తేడా దానంతటదే సర్దుకుంటుంది. రెండూ తాయెత్తు ఖాతాలోకే వెళతాయి. మెరుగు కనిపించకపోతే తల్లి నిష్ఠ తప్పిందంటారు, గర్భంతో ఉండగా గ్రహణం చూసిందంటారు. గ్రహణం ఒక ప్రాంతమంతటికీ కనిపిస్తుంది. ఆ నీడలో ఉన్న గర్భిణులందరి బిడ్డలకూ ఈ జబ్బు రాలేదే! వైద్యమూ తప్పులు చేసింది, కానీ వాటిని పరీక్షించి దిద్దుకుంది. 1860లలో లండన్ వైద్యుడు విలియం లిటిల్ దీన్ని కష్టకాన్పుకు ముడిపెట్టాడు. 1897లో నాడీ వైద్యుడు ఫ్రాయిడ్ దాన్ని సందేహించి, మూలం గర్భంలోనే ఉండొచ్చన్నాడు. చాలామంది పిల్లల విషయంలో ఫ్రాయిడ్ సందేహమే సరైనదని తర్వాతి పరిశీలనలు తేల్చాయి. తాయెత్తుకు మాత్రం ఓడిపోయే పరీక్షే లేదు.

తాయెత్తు కడితే పోయేదేముంది అంటారు. దారంతో పోయేదేమీ లేదు; దోషం తీరేదాకా ఆగుదామంటూ గడిపే నెలలే పోతాయి. మెదడు కొత్త దారులు వేసుకునే శక్తి ఎక్కువగా ఉండేది ఆ నెలల్లోనే. డాక్టర్లూ నయం చేయలేరుగా అన్నది గట్టి అభ్యంతరమే. జరిగిన నష్టాన్ని వాళ్లు చెరపలేరు. కానీ కీళ్లు బిగుసుకోకుండా, తుంటి జారకుండా చాలావరకు కాపాడగలరు, చూపు, వినికిడి లోపాలను ముందే పట్టగలరు. పసికందుకు ముద్ర వేయడం క్రూరం కాదా? ఒక్క లక్షణంతో ఎవరూ నిర్ధారించరు, ముప్పు ఉందని అనుమానించినా వ్యాయామం మొదలుపెట్టవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీల్లో పిల్లలను ఉచితంగా పరీక్షిస్తాయి. అయితే అవి వచ్చేది ఏడాదికి రెండుసార్లే. అనుమానం కలిగినవాళ్లు ఆ రాక కోసం కూడా ఆగకుండా, బిడ్డను నేరుగా పిల్లల వైద్యుల దగ్గరకో జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రానికో (డీఈఐసీ) తీసుకెళ్లాలి.