పరదేశ నగరమున నిలద్రొక్కుకొనుట

ఇటీవల మన యువతీయువకులు పెక్కుమంది పై చదువులకై జర్మనీ దేశమునకు పోవుచున్నారు. అచ్చటి ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో పెక్కింట బోధనారుసుము లేకపోవుట దీనికొక ముఖ్యకారణము. ప్రయాణమునకు ముందు పెట్టెలు సర్దుటయందును, బ్యాంకు అప్పు సమకూర్చుటయందును తలిదండ్రులు చూపు శ్రద్ధలో నాలుగవ పాలైనను, బిడ్డ ఆ యూర నెట్లు కాలూనునను విషయమున చూపుట లేదని మా యభిప్రాయము.

బెర్లిను నగరమునే తీసికొందము. అచ్చట ఇల్లు దొరకుటయే మొదటి పరీక్ష. ఇంటి యజమాని మూడు నెలల బాడుగవరకు ధరావతు కోరవచ్చును. ఇంట దిగిన రెండు వారములలోగా నగర కార్యాలయమున పేరు నమోదు చేయించుకొనవలెను. అందులకు యజమాని సంతకము చేసిన పత్రము కావలెను. పన్ను సంఖ్య మొదలగు పెక్కు పనులు ఈ నమోదుతో ముడివడియున్నవి. కావున చౌకగా దొరకినదని, పత్రమీయని వాని గదిలో దిగుట తెలివి గాదు. ఆదివారమున అంగళ్లు మూసియుండును గనుక బియ్యము పప్పులు శనివారమే తెచ్చుకొనవలెను. రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటలవరకు సద్దు చేయరాదు. రైలెక్కునపుడు టిక్కెట్టు అడుగువాడుండడు. లోపల తనిఖీ చేయువాడు పట్టుకొన్నచో మాత్రము 60 యూరోల జరిమానా తప్పదు. ఇవన్నియు ఒకటి రెండు నెలలలో అలవడును. వీనికి వెరవనక్కర లేదు.

తనంత తాను అలవడనిది భాష. పాఠములు ఇంగ్లీషున జరుగును గదా, జర్మను భాష తరువాత చూచుకొందమని అనేకులు వాయిదా వేయుదురు. నలుగురు తెలుగువారొక యింట చేరి, వంతులవారీగ వండుకొని, తెలుగు చిత్రములు చూచుచు కాలము పుచ్చుదురు. ఇందు తప్పు లేదు. పరాయిచోట జ్వరము వచ్చిననాడు గంజి కాచి యిచ్చువాడు మనవాడే. ఆవకాయ జాడీని మేము నిందింపము. కాని పట్టా చేతికి వచ్చిన పిమ్మట, ఉద్యోగము వెదకికొనుటకు ఆ ప్రభుత్వమిచ్చు గడువు 18 నెలలు మాత్రమే. అప్పుడు పెక్కు సంస్థలవారు మొదట అడుగునది జర్మను వచ్చునా యనియే. అంతవరకు ఆగి ఆ నెలలలో అక్షరములు దిద్ద మొదలిడుట ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుటయే యగును. ఇచ్చట ఇంటిమీద అప్పు తెచ్చిన తండ్రి ఆ 18 నెలలును దినములు లెక్కించుచుండును.

కొన్నాళ్లుండి పోవువారికి ఆ యూరి భాష యేల యని కొందరందురు. చార్లెసు ఫిలిప్ బ్రౌను 1817లో మద్రాసు చేరి, 1820లో కడపకు ఉద్యోగియై వచ్చెను. దొరలు తమలో తాము ఇంగ్లీషున మాటలాడుకొనుచు కాలము గడుపుటకు ఆనాడు అడ్డేమియు లేదు. ఆయన పండితులను చేర్చుకొని తెలుగు చదివి, 1852లో తెలుగు ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించెను. మన పిల్లలు నిఘంటువులు వ్రాయనక్కర లేదు. రొట్టెలమ్మునామెతో నాలుగు మాటలాడి, మెట్లపై ఎదురుపడిన పొరుగువారిని పలుకరించి, నగర కార్యాలయమునుండి వచ్చిన ఉత్తరమును తామే చదువుకొనగలిగిన చాలును. హైదరాబాదునందలి గోథె కేంద్రమున ఈ భాషను బోధించుచున్నారు. వీసాకై వేచియుండు దినములలోనే మొదలిడవచ్చును.

తలిదండ్రులకును ఒక మాట. డిసెంబరు నెలలో బెర్లినునందు సాయంకాలము 4 గంటలు కాకమునుపే సూర్యుడస్తమించును. ఆ చీకటిలో ఒంటిగది బిడ్డను క్రుంగదీయును. ఊరిలో ఒక్క స్నేహితుడైనను కావలసినది అప్పుడే. అచ్చట సాయంకాలము 6 గంటలైనపుడు, ఆ ఋతువున, మనకు రాత్రి పదిన్నర. బిడ్డ మాట వినక నిదుర రాదని ఆ వేళ ప్రతిదినము గంటసేపు ఫోనుముందు కూర్చుండబెట్టినచో, భాషా తరగతికి పోవుటెన్నడు? పొరుగున స్నేహము కుదురుటెన్నడు? జబ్బు చేసినను, దిగులు పుట్టినను ఏ వేళనైనను మాటలాడవలసినదే. మిగిలిన దినములలో వారమునకు రెండు పర్యాయములు చాలును. ఇట్లు వ్రాసినందులకు తల్లులు కొందరు మాపై కినుక వహింతురని యెరుగుదుము. వహింతురు గాక.