మన వాహనం: గ్యాస్ నింపే ముందు లీకును వెదకండి

ఢిల్లీలో వేసవి ముదిరిన కొద్దీ యమునకు తూర్పున గల లక్ష్మీ నగర్ పరిసరాలలో కారు ప్రయాణం ఓర్పుకు పరీక్షగా మారుతుంది. ఇక్కడి స్కోప్ మీనార్‌లో పలు ప్రభుత్వరంగ సంస్థల కార్యాలయాలు ఉన్నందున మన సోదర ఉద్యోగులనేకులు వికాస్ మార్గ్ మీదుగా నిత్యం రాకపోకలు సాగిస్తుంటారు. 45 డిగ్రీల ఎండలో, బారులు తీరిన వాహనాల నడుమ కారు ఏ.సి. మొరాయించినచో, అందులోని పసిపిల్లలకూ వృద్ధులకూ అది కేవలం అసౌకర్యం కాదు. వడదెబ్బకు దారితీయగల ప్రమాదం.

అట్టి సమయంలో మనకు తరచుగా వినిపించే మాట "గ్యాస్ అయిపోయింది, నింపించుకోండి" అని. ఇక్కడ ఒక విషయం గ్రహించవలసి ఉన్నది. పెట్రోలు మండి ఖర్చవుతుంది, ఏ.సి. గ్యాస్ ఖర్చు కాదు. కంప్రెసర్ దానిని ఒత్తిడికి గురిచేస్తుంది; కారు ముందుభాగంలోని కండెన్సర్‌లో అది వేడిని వదిలి ద్రవమవుతుంది; లోపలి కూలింగ్ కాయిల్‌లో తిరిగి ఆవిరియై కారులోని వేడిని గ్రహిస్తుంది. ఈ విధంగా అదే గ్యాస్ నిరంతరం తిరుగుతూ ఉంటుంది. కొద్ది నెలలలోనే అది తగ్గినదంటే, ఎక్కడో రంధ్రం ఉన్నదనియే అర్థం. ఆ రంధ్రాన్ని పూడ్చక గ్యాస్ నింపుట చిల్లికుండలో నీరు పోయుట వంటిదే.

ఇంటిలోని ఏ.సి.కి ఈ బాధ తక్కువ. దాని కంప్రెసర్ మూసిన డబ్బాలో ఉంటుంది. రాగి గొట్టాలకు చాలావరకు అతుకులు వేసి ఉంటాయి. కారులోనైతే కంప్రెసర్ సాధారణంగా ఇంజను బెల్టుతో తిరుగుతుంది కనుక దాని ఇరుసు వద్ద సీలు అవసరం. ఇంజను అదురును తట్టుకొనుటకు రబ్బరు గొట్టాలు, కీళ్ళ వద్ద ఓ-రింగులు ఉంటాయి. ఏళ్ళు గడచిన కొద్దీ ఇవి గట్టిపడి పగుళ్ళిస్తాయి. ముందుభాగాన ఉండే కండెన్సర్‌కు రాళ్ళ దెబ్బలు తగులుతాయి. పైగా వాహనం కదలక నిలిచిన వేళ కండెన్సర్‌కు ఫ్యాను గాలియే ఆధారం. అప్పుడు లోపలి ఒత్తిడి పెరిగి, బలహీనమైన కీళ్ళు త్వరగా బయటపడతాయి.

చల్లదనం తగ్గిన ప్రతిసారీ లీకు ఉన్నదని భావించరాదు. ఢిల్లీ ధూళితో కండెన్సర్ పూడుకొనిపోవుట, లోపలి ఫిల్టరు మూసుకొనుట, ఫ్యాను పనిచేయకపోవుట కూడ కారణాలు కావచ్చును. చల్లదనం కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చుట, కంప్రెసర్ మాటిమాటికి ఆగి తిరుగుట, కీళ్ళ వద్ద నూనెతో కూడిన మురికి పేరుకొనుట మాత్రం లీకును సూచించే లక్షణాలు. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడ ప్రయాణిస్తుంది గనుక, అది కారిన చోట మరక మిగులుతుంది.

మరమ్మతు సక్రమంగా జరుగుటకు ఈ క్రింది అంశాలను గమనించగలరు:

1. ఉన్న గ్యాస్‌ను గాలిలోకి వదలక, యంత్రం ద్వారా సిలిండరులోకి తీయించాలి.

2. నైట్రోజన్‌ను ఒత్తిడితో నింపి, కీళ్ళపై సబ్బునీరు రాసినచో బుడగలు లీకును పట్టిస్తాయి. సూక్ష్మమైన లీకులకు అతినీల కాంతిలో మెరిసే రంగు గాని, ఎలక్ట్రానిక్ డిటెక్టరు గాని అవసరం. సర్వీసు వాల్వు పిన్నును కూడ తప్పక పరీక్షించాలి.

3. చెడిన ఓ-రింగును గాని, గొట్టాన్ని గాని మార్చాలి. వ్యవస్థను విప్పినప్పుడు తేమను పీల్చే డ్రయర్‌ను కూడ మార్చుట మంచిది.

4. కనీసం అరగంట సేపు వాక్యూమ్ పంపు నడిపించాలి. శూన్యంలో నీరు మామూలు వేడికే ఆవిరై బయటకు పోతుంది. తేమ మిగిలినచో వాల్వులో మంచుగా గడ్డకట్టి అడ్డుపడుతుంది. లోహాన్ని తినివేసే ఆమ్లాలకూ కారణమవుతుంది.

5. బానెట్ క్రింది చీటీపై ముద్రించిన రకం గ్యాస్‌నే, అందులోని తూకం ప్రకారమే నింపించాలి. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది. చౌకగా వచ్చునని వంటగ్యాస్ వంటి మండే వాయువులను నింపనీయరాదు, అది ప్రాణాపాయం.

ఈ పని ఇంట్లో చేయదగినది కాదు. ద్రవరూపంలోని గ్యాస్ చర్మాన్ని, కంటిని క్షణంలో గడ్డకట్టించగలదు.

ఇది మన జేబుకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. పూర్వం కార్లలో వాడిన ఆర్-12 ఓజోన్ పొరకు చేటు చేసేది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంలో మన దేశం 1992లో చేరి, దాని వాడకాన్ని క్రమంగా మాన్పించింది. దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఏ ఓజోన్‌కు హాని చేయదు గాని, నూరేళ్ళ లెక్కలో బొగ్గుపులుసు వాయువు కన్న 1,300 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. చిన్న కారులో ఉండే అర కిలో గ్యాస్ ఆరువందల కిలోలకు మించిన బొగ్గుపులుసు వాయువుతో సమానమన్నమాట. ఇట్టి వాయువులను తగ్గించుటకై 2016లో కుదిరిన కిగాలి సవరణను భారతదేశం 2021లో ఆమోదించింది.

కావున ఈసారి గ్యాస్ నింపించుకొమ్మన్నచో, "లీకు ఎక్కడ ఉన్నది?" అని ముందుగా ప్రశ్నించండి. సమాధానం లభించిన పిమ్మటనే సొమ్ము చెల్లించండి.